చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్

చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్ (1865 ఏప్రిల్ 9 – 1923 అక్టోబరు 26) జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణిత శాస్త్రవేత్త, విద్యుత్ ఇంజనీరు. ఏసీ కరెంటు అని మనం పిలుచుకునే ఏకాంతర విద్యుత్తును సంకీర్ణ సంఖ్యల సహాయంతో లెక్కకట్టే పద్ధతిని ఇంజనీర్ల వాడుకలోకి తెచ్చినవాడు ఈయనే. తీగలో పోతున్నట్లు కనిపించే సామర్థ్యం ఎంత, అందులో నిజంగా పని చేసేది ఎంత అన్న ప్రశ్నకు మామూలు కూడికలు, గుణకారాలతో సమాధానం రాబట్టడం ఈ పద్ధతి వల్లనే సాధ్యపడింది. ఇనుములో కలిగే శైథిల్య నష్టానికి సూత్రం, మెరుపుల మీద ప్రయోగాలు ఈయన ఇతర ముఖ్య కృషి. ఎడిసన్, టెస్లాల పేర్లు తెలిసినంతగా ఈయన పేరు మన పాఠకులకు తెలియదు. కాని ఇంజనీరింగు కళాశాలలో ఏకాంతర విద్యుత్ వలయాల పాఠం చదివిన ప్రతి విద్యార్థీ, తెలియకుండానే, ఈయన వేసిన దారిలో నడిచినవాడే.

బాల్యం, విద్యాభ్యాసం

స్టైన్‌మెట్జ్ అప్పటి ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లౌ నగరంలో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఈ నగరం పోలండ్‌లో చేరి వ్రోత్స్వాఫ్ అనే పేరుతో వ్యవహరింపబడుతున్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కార్ల్ ఆగస్ట్ రుడోల్ఫ్. తండ్రి రైల్వేలో లిథోగ్రఫీ, అనగా రాతి అచ్చు, పని చేసేవాడు. ఏడాది వయసులోనే తల్లి మరణించింది. తండ్రికీ తాతకూ ఉన్న గూని ఇతనికి కూడా పుట్టుకతోనే వచ్చింది. తుంటి కీలులో కూడా లోపం ఉండటం వల్ల నడక ఎగుడుదిగుడుగా ఉండేది. పెద్దయిన తర్వాత కూడా ఎత్తు సుమారు నాలుగు అడుగులే.

1883లో బ్రెస్లౌ విశ్వవిద్యాలయంలో చేరి గణితం, భౌతిక శాస్త్రం చదివాడు. అక్కడ విద్యార్థుల గణిత సంఘంలో ఇతనికి ప్రోటియస్ అనే ముద్దుపేరు పెట్టారు. ప్రోటియస్ గ్రీకు పురాణాలలో కోరిన రూపం ధరించగల సముద్ర దేవత. ఎగతాళిగా మొదలయిందో, తెలివితేటలకు మెప్పుగా మొదలయిందో గాని ఆ పేరు ఆయనకు నచ్చింది. తర్వాత అమెరికా పౌరుడయినప్పుడు తన మూడు పేర్లలో కార్ల్‌ను చార్లెస్‌గా మార్చుకుని, మిగిలిన రెండూ వదిలేసి, ప్రోటియస్‌ను చేర్చుకున్నాడు.

విశ్వవిద్యాలయంలోనే ఇతనికి సోషలిస్టు భావాలు పట్టుపడ్డాయి. అది ఛాన్సలర్ బిస్మార్క్ సోషలిస్టు వ్యతిరేక చట్టాలు అమలు చేస్తున్న కాలం. ఆ చట్టాలు 1878 నుండి 1890 వరకు ఉన్నాయి. సంఘాలు, సభలు, పత్రికలు అన్నీ నిషిద్ధాలే. స్టైన్‌మెట్జ్ ఒక సోషలిస్టు పత్రికకు రాస్తూ, కొంతకాలం దాని నిర్వహణ కూడా చూసాడు. 1888లో పోలీసులు తనను నిర్బంధించబోతున్నారని తెలిసి స్విట్జర్లాండుకు తప్పించుకున్నాడు. అప్పటికి డాక్టరేటు సిద్ధాంత వ్యాసం పూర్తయింది, పట్టా మాత్రం చేతికి రాలేదు. తండ్రిని మళ్ళీ చూడలేదు.

అమెరికా ప్రయాణం

జ్యూరిక్‌లోని పాలిటెక్నిక్‌లో కొద్దికాలం చదివిన తర్వాత, ఆస్కర్ అస్ముస్సెన్ అనే సహాధ్యాయితో కలిసి 1889లో ఓడ మీద న్యూయార్కు చేరాడు. ప్రయాణపు ఖర్చు అస్ముస్సెన్‌దే. రేవులో అధికారులు ఈ మరుగుజ్జు మనిషిని చూసి, భాష రాదు, చేతిలో డబ్బు లేదు, ఒంట్లో బాగాలేదు, ఇతడు దేశానికి భారమవుతాడని వెనక్కు పంపబోయారనీ, ఇతని బాధ్యత తనదని అస్ముస్సెన్ హామీ ఇవ్వగా లోపలికి రానిచ్చారనీ జీవిత చరిత్రకారులు రాసారు.

న్యూయార్కుకు ఆనుకుని ఉన్న యాంకర్స్ పట్టణంలో రుడోల్ఫ్ ఐకెమేయర్ అనే కర్మాగార యజమాని ఇతనికి చిత్తుపటాలు గీసే ఉద్యోగం ఇచ్చాడు. ఐకెమేయర్ కూడా జర్మనీ నుండి వచ్చినవాడే. టోపీలు తయారుచేసే యంత్రాలతో పేరు తెచ్చుకుని, తర్వాత విద్యుత్ మోటార్ల వైపు మళ్ళాడు. కొత్త ఉద్యోగి సంగతి గ్రహించి కొద్ది కాలంలోనే అతనికి ఒక చిన్న ప్రయోగశాల అప్పగించాడు.

శైథిల్య సూత్రం

మోటారులోను, ట్రాన్స్‌ఫార్మరులోను ఇనుప దిమ్మ ఉంటుంది. ఏకాంతర విద్యుత్తు సెకనుకు ఎన్నోసార్లు దిశ మారుతుంది కనుక ఆ ఇనుము కూడా అన్నిసార్లు ఒకవైపు అయస్కాంతీకరణ చెంది, మళ్ళీ రెండోవైపుకు తిరగాలి. ఇనుము ఈ మార్పును వెంటనే అనుసరించదు, కొంచెం వెనుకబడుతుంది. దీనినే శైథిల్యం అంటారు. ప్రతి ఆవృత్తిలోను కొంత శక్తి దీనివల్ల వేడిగా మారి వృథా అవుతుంది. 1890 ప్రాంతంలో ఈ నష్టం ఎంత ఉంటుందో యంత్రం తయారుచేసి నడిపి చూస్తే గాని తెలిసేది కాదు. వేడెక్కితే విప్పి మళ్ళీ కట్టడమే గతి.

స్టైన్‌మెట్జ్ అందుబాటులో ఉన్న కొలతలను పోల్చి, తాను స్వయంగా మరెన్నో నమూనాలను కొలిచి, ఆవృత్తికి కలిగే నష్టం అయస్కాంత అభివాహ సాంద్రత గరిష్ఠ విలువకు 1.6వ ఘాతానికి అనుపాతంలో ఉంటుందని తేల్చాడు. 1892 జనవరిలో అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఈ ఫలితాన్ని ప్రకటించాడు. ఈ 1.6 ఏ మౌలిక సిద్ధాంతం నుండీ పుట్టలేదు, కొలతలకు సరిపోయిన సంఖ్య మాత్రమే. అధిక సాంద్రతల దగ్గర అది తప్పుతుందని తర్వాత తెలిసింది. అయినా కాగితం మీదనే యంత్రాన్ని రూపొందించడం అప్పటినుండి కుదిరింది. అప్పటికి ఆయన వయసు 26 సంవత్సరాలు.

నిజ సామర్థ్యం, దృశ్య సామర్థ్యం

స్టైన్‌మెట్జ్ ప్రధాన కృషి అర్థం కావాలంటే ఆ కాలపు ఇంజనీర్లను వేధించిన ఒక చిక్కును ముందు తెలుసుకోవాలి. ఏకముఖ విద్యుత్తులో లెక్క సులువు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఏకాంతర విద్యుత్తులో ఒక మోటారుకు అదే లెక్క వేస్తే వచ్చే సంఖ్య ఒకటి, వాట్ మీటరు చూపించే సంఖ్య మరొకటి. మీటరు ఎప్పుడూ తక్కువే చూపుతుంది. మిగిలినది ఎక్కడికి పోయినట్లు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన ఇళ్ళలో ఉండే 230 వోల్టుల సరఫరాకు కలిపిన ఒక మోటారు 10 ఆంపియర్లు తీసుకుంటున్నదనుకుందాం. గుణిస్తే 2300. వాట్ మీటరు 1610 చూపుతున్నది. ఈ 2300ను దృశ్య సామర్థ్యం అంటారు. దీన్ని వాట్లలో కాక వోల్ట్-ఆంపియర్లలో చెబుతారు. 1610 వాట్లు నిజ సామర్థ్యం. నిజ సామర్థ్యాన్ని దృశ్య సామర్థ్యంతో భాగిస్తే వచ్చే 0.7ను సామర్థ్య గుణకం, అనగా పవర్ ఫ్యాక్టర్, అంటారు.

మోటారు తిరగాలంటే దాని చుట్టల్లో అయస్కాంత క్షేత్రం ఉండాలి. ఆ క్షేత్రాన్ని నిలబెట్టడానికి శక్తి కావాలి. ఏకాంతర విద్యుత్తు ఒక ఆవృత్తిలో పావు భాగం కాలం ఈ శక్తిని క్షేత్రంలోకి పోసి, తర్వాతి పావు భాగంలో దాన్ని మళ్ళీ తీగలోకి తిప్పి పంపుతుంది. ఇలా రావడం పోవడమే గాని దానివల్ల పని జరగదు, అది ఖర్చూ కాదు. ఈ కారణం చేత మోటారులో విద్యుత్ ప్రవాహం వోల్టేజి కంటే కొంచెం ఆలస్యంగా శిఖరానికి చేరుతుంది. ఈ తేడాను దశాభేదం అంటారు. రెండూ శుద్ధమైన జ్యా తరంగాలయితే, దశాభేద కోణపు కొసైన్ విలువే సామర్థ్య గుణకం.

పని చేయనప్పుడు దాన్ని పట్టించుకోవడం ఎందుకని అనిపించవచ్చు. బస్సు ఎక్కి, చివరి ఊరి దాకా వెళ్ళి, దిగకుండా అదే బస్సులో తిరిగి వచ్చే ప్రయాణికుడిని ఊహించుకోండి. ఆయన ఎక్కడికీ చేరలేదు, కాని రెండు వైపులా ఒక సీటు ఆయనదే. వాట్‌రహిత విద్యుత్తు కూడా అంతే. తీగలోను, ట్రాన్స్‌ఫార్మరులోను, జనరేటరులోను చోటు ఆక్రమిస్తుంది. పై ఉదాహరణలో సామర్థ్య గుణకం 1 అయి ఉంటే అవే 1610 వాట్లకు 7 ఆంపియర్లు సరిపోయేవి. తీగలో వేడిగా పోయే నష్టం విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 7 వర్గం 49, 10 వర్గం 100. అనగా అదే పనికి తీగలో నష్టం సుమారు రెండింతలయింది. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు మీద 63 లేక 100 కేవీఏ అని రాసి ఉండటానికి, కిలోవాట్లు అని రాయకపోవడానికి కారణం ఇదే. దాన్ని వేడెక్కించేది ఆంపియర్లు. అవి పని చేసాయా లేదా అన్నది దానికి అనవసరం. మన పల్లెల్లో ఎన్నో పంపుసెట్లు ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద నడిచేచోట కెపాసిటరు పెట్టుకోమని విద్యుత్ శాఖ వారు రైతులకు చెబుతూ వచ్చినది ఇందుకే.

1893 షికాగో వ్యాసం

ఈ విషయాలు స్టైన్‌మెట్జ్‌కు ముందే తెలుసు. దశాభేదం గురించి ఐరోపాలో చాలామంది రాసారు. చిక్కల్లా లెక్కలోనే ఉంది. ఒక తీగకు రెండు మూడు మోటార్లు, కొన్ని దీపాలు, ఒక ట్రాన్స్‌ఫార్మరు కలిపితే ఒక్కొక్క దాని ప్రవాహం ఒక్కొక్క దశలో ఉంటుంది. వాటిని కూడాలంటే అవకలన సమీకరణాలు సాధించాలి, లేదా స్కేలు, కోణమానిని పట్టుకుని పటాలు గీయాలి. సమీకరణాలు చాలామంది ఇంజనీర్లకు రావు. పటాలు వలయం పెద్దదయితే గజిబిజి అవుతాయి.

1893 ఆగస్టులో షికాగోలో ప్రపంచ ప్రదర్శనతో పాటు అంతర్జాతీయ విద్యుత్ మహాసభ జరిగింది. జర్మనీ నుండి హెల్మ్‌హోల్ట్జ్ వంటి పెద్దలు వచ్చారు. ఆ ప్రదర్శనశాలకు వెలుగులిచ్చినది వెస్టింగ్‌హౌస్ వారి ఏకాంతర విద్యుత్తే. ఈ సభకు స్టైన్‌మెట్జ్ సంకీర్ణ సంఖ్యలను విద్యుత్ ఇంజనీరింగులో ఎలా వాడాలో వివరిస్తూ ఒక వ్యాసం సమర్పించాడు.

ఆయన చెప్పిన ఉపాయం ఇది. ఏకాంతర ప్రవాహానికి పరిమాణం, దశ అని రెండు లక్షణాలున్నాయి. సంకీర్ణ సంఖ్యకు కూడా వాస్తవ భాగం, కల్పిత భాగం అని రెండు భాగాలున్నాయి. కనుక ఒక్కొక్క ప్రవాహాన్ని ఒక్కొక్క సంకీర్ణ సంఖ్యగా రాయవచ్చు. వోల్టేజితో కలిసి నడిచే భాగం వాస్తవ భాగం, దానికి లంబంగా, అనగా పావు ఆవృత్తి తేడాతో, నడిచేది కల్పిత భాగం. రుణ ఒకటి వర్గమూలాన్ని గణితవేత్తలు ఐ అక్షరంతో గుర్తిస్తారు. విద్యుత్ శాస్త్రంలో ఆ అక్షరం ప్రవాహానికి వాడుకలో ఉన్నందున ఇంజనీర్లకు జె అక్షరం గుర్తయింది. పాఠశాలలో కల్పిత సంఖ్యలు ఎందుకు పనికివస్తాయని అడిగే విద్యార్థికి ఇంతకంటే మంచి జవాబు దొరకదు. ఇక్కడ కల్పిత భాగాన్ని ఆంపియర్ మీటరుతో కొలవవచ్చు, అది తీగను వేడెక్కిస్తుంది కూడా.

పై మోటారునే మళ్ళీ చూద్దాం. దాని 10 ఆంపియర్లలో వోల్టేజితో నడిచే భాగం 7, వెనుకబడిన లంబ భాగం సుమారు 7.14. దీన్ని 7 – జె 7.14 అని రాస్తారు. కెపాసిటరులో ప్రవాహం వోల్టేజి కంటే పావు ఆవృత్తి ముందు నడుస్తుంది. మోటారు పక్కన 7.14 ఆంపియర్లు తీసుకునే కెపాసిటరును కలిపితే దాని ప్రవాహం + జె 7.14. రెండూ కూడితే మిగిలేది 7. సామర్థ్య గుణకం 1 అయింది. మోటారులో ఏ మార్పూ లేదు. దానికి అప్పుడూ 10 ఆంపియర్లే కావాలి. అయితే అయస్కాంత క్షేత్రానికి కావలసిన భాగం ఇప్పుడు దూరాన ఉన్న జనరేటరు నుండి రావడం మాని, పక్కనున్న కెపాసిటరుకూ మోటారుకూ మధ్యనే ఊగుతున్నది. అవకలన సమీకరణం అవసరం లేకుండా, ఒక్క కూడికతో సంగతి తేలిపోయింది.

అలాగే ఓమ్ సూత్రం కూడా తన పాత రూపంలోనే పనికి వచ్చింది. నిరోధం స్థానంలో అవరోధం అనే సంకీర్ణ సంఖ్య వచ్చింది, అంతే. మన మోటారు అవరోధం 23 ఓములు. అందులో 16.1 నిరోధంగా వ్యవహరించే భాగం, సుమారు 16.4 రియాక్టెన్స్ భాగం. ఏకముఖ విద్యుత్తు లెక్కలు వచ్చినవారికి ఏకాంతర విద్యుత్తు లెక్కలూ వచ్చేసినట్లే.

ఈ విషయంలో ఘనత అంతా ఒక్కరికే ఇవ్వడం సరికాదు. అవరోధం అనే భావానికి ఆంగ్లంలో పేరు పెట్టినది ఇంగ్లండుకు చెందిన ఆలివర్ హెవిసైడ్, 1886లో. ఆర్థర్ కెన్నెలీ 1893 ఏప్రిల్‌లోనే, అనగా షికాగో సభకు కొన్ని నెలల ముందే, అవరోధాన్ని సంకీర్ణ సంఖ్యగా చూపుతూ వ్యాసం చదివాడు. స్టైన్‌మెట్జ్ చేసినది ఆ పద్ధతిని మోటార్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు, పొడవైన తీగలకు, అనగా ఇంజనీరుకు ఎదురయ్యే ప్రతి సందర్భానికీ, ఓపికగా అన్వయించి చూపడం. మొదట్లో దీన్ని అర్థం చేసుకున్నవారు తక్కువ. అందుచేత 1897లో ఎర్నెస్ట్ బెర్గ్‌తో కలిసి ఏకాంతర విద్యుత్తు మీద పెద్ద పాఠ్యగ్రంథం ప్రచురించాడు. అది చాలా కష్టంగా ఉందని పాఠకులు అనడంతో దాని కంటే తేలికైన పుస్తకాలు కూడా రాసాడు. ఆయన తొలి పుస్తకాలు చదివేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మోటారు అవరోధాన్ని ఇప్పుడు మనం + జె తో రాస్తే ఆయన – జె తో రాసేవాడు. 1911లో ట్యూరిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం నిర్ణయం తర్వాత ఇప్పటి సంప్రదాయం స్థిరపడింది.

ఆర్క్ దీపం సమస్య

పాఠ్యపుస్తకాలలో తరచుగా వదిలేసే మరో విషయం ఇక్కడ చెప్పుకోవాలి. ఆ కాలంలో వీధులకు ఆర్క్ దీపాలు ఉండేవి. రెండు కర్బన కడ్డీల మధ్య మంటలాగా వెలిగే దీపమది. అందులో చుట్టలు లేవు, కనుక అయస్కాంత క్షేత్రం గురించి చెప్పుకోవలసిన పని లేదు. వోల్టేజి, ప్రవాహం రెండూ ఒకే క్షణంలో సున్న అవుతాయి, అనగా దశాభేదం లేదు. అయినా వాట్ మీటరు చూపేది వోల్టులు, ఆంపియర్ల లబ్ధం కంటే తక్కువే.

1892లో ఒక జర్మన్ విద్యుత్ పత్రికలో స్టైన్‌మెట్జ్ ఈ సమస్యను చర్చించాడు. ఆర్క్‌లో నిరోధం స్థిరంగా ఉండదు, ప్రవాహం పెరిగితే తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. దీనివల్ల వోల్టేజి తరంగం ఆకారమే వంకరపోతుంది. రెండు తరంగాల ఆకారాలు వేరయితే, వాటి మధ్య ఆలస్యం లేకపోయినా, దృశ్య సామర్థ్యం నిజ సామర్థ్యం కంటే ఎక్కువగానే ఉంటుందని ఆయన చూపించాడు. అంటే సామర్థ్య గుణకం అనేది కేవలం ఒక కోణపు కొసైన్ కాదు. ఆ నిర్వచనం శుద్ధమైన తరంగాలకే వర్తిస్తుంది.

ఆర్క్ దీపాలు వీధుల్లోంచి పోయాయి గాని సమస్య పోలేదు. కంప్యూటర్లు, ఫోను ఛార్జర్లు, ఎల్ఈడీ దీపాలు సరఫరా నుండి ప్రవాహాన్ని సాఫీగా కాక, వోల్టేజి శిఖరం దగ్గర గుటకలు వేసినట్లు తీసుకుంటాయి. వీటి సామర్థ్య గుణకం తక్కువగా ఉంటే ఆ లోపాన్ని మోటారుకు పెట్టినట్లు కెపాసిటరు పెట్టి సరిచేయడం కుదరదు. అందులో సరిచేయవలసినది ఆలస్యం కాదు, ఆకారం.

స్కెనెక్టడీ జీవితం

1892లో ఎడిసన్ కంపెనీ, థామ్సన్-హ్యూస్టన్ కంపెనీ కలిసి జనరల్ ఎలక్ట్రిక్ ఏర్పడింది. ఆ కొత్త సంస్థ ఐకెమేయర్ వ్యాపారాన్ని కొనివేసింది. దానితో పాటు స్టైన్‌మెట్జ్ కూడా 1893లో ఆ సంస్థలో చేరి, మొదట మసాచుసెట్స్‌లోని లిన్‌లోను, 1894 నుండి న్యూయార్కు రాష్ట్రంలోని స్కెనెక్టడీలోను పనిచేసాడు. మిగిలిన జీవితమంతా ఆ ఊళ్ళోనే. 200కు పైగా పేటెంట్లు పొందాడు. లాభనష్టాలతో నేరుగా సంబంధం లేని పరిశోధనకు సంస్థలో ఒక ప్రయోగశాల ఉండాలని పట్టుబట్టినవారిలో ఈయన ముఖ్యుడు. 1900లో ఆ ప్రయోగశాల మొదలయినది ఈయన ఇంటి వెనుక ఉన్న కొట్టంలోనే.

1901-02లో అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడిగా ఉన్నాడు. 1902లో హార్వర్డ్ గౌరవ పట్టా ఇచ్చింది. అదే ఊరిలోని యూనియన్ కాలేజీ 1903లో డాక్టరేటు ఇవ్వడంతో, బ్రెస్లౌలో చేజారిన పట్టా పదిహేనేళ్ళకు మరోచోట దక్కినట్లయింది. ఆ కాలేజీలో విద్యుత్ ఇంజనీరింగు శాఖను చాలా ఏళ్ళు నడిపాడు. 1909లో వలయాన్ని కలిపినప్పుడు, విడదీసినప్పుడు కలిగే క్షణిక మార్పుల మీద మరో పెద్ద గ్రంథం వెలువరించాడు.

తన వైకల్యం పిల్లలకు సంక్రమిస్తుందన్న భయంతో పెళ్ళి చేసుకోలేదు. జోసెఫ్ హేడెన్ అనే యువ ఇంజనీరు ఆయన ప్రయోగాలలో సహాయకుడు. హేడెన్ పెళ్ళయిన తర్వాత ఆ దంపతులు స్టైన్‌మెట్జ్ పెద్ద ఇంట్లోకే వచ్చి ఉన్నారు. తర్వాత హేడెన్‌ను చట్టబద్ధంగా దత్తత తీసుకున్నాడు. హేడెన్ ముగ్గురు పిల్లలకు తాతగా వారి మధ్యనే చివరి వరకు గడిపాడు. ఇంట్లో ఎడారి మొక్కలు, ముళ్ళ జెముళ్ళు, మొసళ్ళు పెంచేవాడు. వేసవిలో మోహాక్ నది దగ్గర ఒక చెక్క ఇంట్లో ఉండి, పడవలో అడ్డంగా పలక పెట్టుకుని, దాని మీద కాగితాలు పరచుకుని లెక్కలు చేసేవాడు. చుట్ట మాత్రం నోట్లో ఉండవలసిందే.

రాజకీయాలు

పెద్ద కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నా స్టైన్‌మెట్జ్ సోషలిస్టుగానే ఉండిపోయాడు. ఇందులో వైరుధ్యం ఆయనకు కనిపించలేదు. పెద్ద సంస్థలు పరిశ్రమను ఒక క్రమంలోకి తెస్తాయనీ, చివరకు అవి ప్రజలకోసం పనిచేసే సహకార వ్యవస్థగా మారతాయనీ నమ్మాడు. 1916లో దీని మీద ఒక పుస్తకం రాసాడు. ఈ నమ్మకం ఎంతవరకు నిజమయిందో చరిత్ర చదివినవారికి తెలిసినదే. స్కెనెక్టడీకి జార్జి లన్ అనే సోషలిస్టు మేయరు ఎన్నికయినప్పుడు, 1912లో స్టైన్‌మెట్జ్ నగర విద్యామండలిలో చేరి దానికి అధ్యక్షుడయ్యాడు. వలస వచ్చినవారి పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టించడం ఆ మండలి పనులలో ఒకటి. నగర పాలక మండలికి కూడా అధ్యక్షుడిగా పనిచేసాడు. 1922లో రష్యా విద్యుదీకరణకు సహాయపడతానని లెనిన్‌కు లేఖ రాయగా, లెనిన్ జవాబు కూడా పంపాడు. అదే సంవత్సరం న్యూయార్కు రాష్ట్ర ఇంజనీరు పదవికి పోటీ చేసి ఓడిపోయాడు.

మెరుపుల మీద ప్రయోగాలు

వేసవి ఇంటి మీద ఒకసారి పిడుగు పడి గోడ అద్దం ముక్కలయింది. స్టైన్‌మెట్జ్ ఆ ముక్కలన్నీ ఏరి, ఒకదాని పక్కన ఒకటి అమర్చి, రెండు గాజు పలకల మధ్య బిగించి, విద్యుత్తు అద్దం మీద ఏ దారిన పోయిందో పరిశీలించాడు. పిడుగుల వల్ల విద్యుత్ తీగలకు కలిగే నష్టం ఆనాటి కంపెనీలకు పెద్ద తలనొప్పి. 1922లో ఆయన ప్రయోగశాలలో కెపాసిటర్ల సముదాయంతో 120,000 వోల్టుల కృత్రిమ మెరుపును పుట్టించి చూపాడు. తీగలను కాపాడే సాధనాలను వాన కోసం ఎదురుచూడకుండా పరీక్షించడం దీనితో వీలయింది. ఆ ఏడాది అక్టోబరులో ఎడిసన్ వచ్చి ఈ ప్రయోగశాలను చూసాడు.

ప్రచారంలో ఉన్న కథలు

ఫోర్డ్ కర్మాగారంలో ఒక పెద్ద జనరేటరు పాడయితే స్టైన్‌మెట్జ్ వచ్చి, రెండు రోజులు దాని చప్పుడు విని, సుద్దముక్కతో ఒకచోట గీత గీసి, అక్కడ చుట్టలు సరిచేయమన్నాడనీ, పదివేల డాలర్ల బిల్లు ఇచ్చి, వివరాలడిగితే గీతకు ఒక డాలరు, ఎక్కడ గీయాలో తెలిసినందుకు మిగిలినదీ అని రాసి పంపాడనీ ఒక కథ ఉంది. దీనికి తరచుగా చూపే ఆధారం 1965లో లైఫ్ పత్రికలో అచ్చయిన ఒక పాఠకుడి ఉత్తరం. అది ఆయన మరణించిన నాలుగు దశాబ్దాల తర్వాతి మాట. ఇదే కథను వేరే ఇంజనీర్ల పేరుతో కూడా చెబుతారు. కనుక దీన్ని కథగానే తీసుకోవడం మంచిది.

ఐన్‌స్టీన్‌తో ఆయన ఒక్కడే నిలబడి ఉన్న ఛాయాచిత్రం కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. వారు కలిసిన మాట నిజమే, 1921లో న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్ రేడియో కేంద్రంలో తీసిన చిత్రమది. అసలు చిత్రంలో ఇంకా చాలామంది ఉన్నారు. వారిని తుడిచివేసి ఈ ఇద్దరినే మిగిల్చారు. సాపేక్షతా సిద్ధాంతం మీద స్టైన్‌మెట్జ్ ఇచ్చిన ఉపన్యాసాలు 1923లో పుస్తకంగా వచ్చాయి.

మరణం

1923 శరదృతువులో హేడెన్ కుటుంబంతో కలిసి పశ్చిమ అమెరికా చూసి వచ్చాడు. ఆ ప్రయాణపు బడలిక తీరకముందే అక్టోబరు 26 ఉదయం, 58 ఏళ్ళ వయసులో, స్కెనెక్టడీలోని తన ఇంట్లో గుండె ఆగి మరణించాడు. అక్కడి వేల్ శ్మశానవాటికలో సమాధి ఉంది. ఆయన ఇంటిని తర్వాతి కాలంలో పడగొట్టారు, ఆ స్థలం ఉద్యానవనంగా మిగిలింది. ఆయన నడిపిన 1914 నాటి విద్యుత్ కారును యూనియన్ కాలేజీ వారు బాగుచేయించి భద్రపరిచారు. నది దగ్గరి చెక్క ఇంటిని 1930లో హెన్రీ ఫోర్డ్ డియర్‌బార్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ ప్రదర్శనశాలకు తరలించాడు. అది అక్కడ సందర్శకులకు కనిపిస్తుంది.